కాశీలో వదిలేసిన తీపి

మా చిక్కడపల్లి ఇంట్లో కింది వాటాలో కిరాయికి ఉంటున్న అమ్మాయి ఈ మధ్యనే డైటీషియన్‌గా ఉద్యోగంలో చేరింది. మొదటి నెల తిరక్కుండానే మెట్లెక్కి నా దగ్గరకు వచ్చింది.

"ఆంటీ, పేషెంట్లు ఇన్ని అబద్ధాలు చెప్తరా? చార్టుల రాసినట్టే తింటున్నం అంటరు. బరువు చూస్తె పెరుగుతనే ఉంటది. గట్టిగ అడిగితె ఏడుస్తరు. నాకైతే మస్తు పరేషాన్ అయితుంది" అన్నది.

నేను నవ్వాను. ఆ అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. అందుకని కూర్చోబెట్టి, టీ ఇచ్చి చాలాసేపు మాట్లాడాను. లేచి వెళ్తూ, "ఇదంతా రాసిపెట్టండి ఆంటీ, కాలేజీల మాకు గిట్ల ఎవరు చెప్పలే" అన్నది. రిటైరైన మనిషిని మాట్లాడమని అడిగేవాళ్లే తక్కువ, రాయమంటే ఊరుకుంటానా!

నా ప్రమోషన్లు, పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుళ్లు ఇక్కడ రాయడం లేదు. వాటితో ఎవరి కడుపూ నిండదు. నారాయణగూడలోని ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లు, చివర్లో ఆ దగ్గరలోనే ఒక షుగర్ క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేశాను. ఆపుకోలేక తినేవాళ్లను అక్కడ దగ్గరగా చూశాను. ఆకలి తీరిపోయినా, కడుపు నొప్పి పుట్టినా, తింటూ తింటూ ఏడుపు వస్తున్నా చెయ్యి ఆగనివాళ్లు. వాళ్ల గురించే ఈ నాలుగు మాటలు.

ఏం తినాలో అందరికీ తెలుసు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా రోగులకు పాఠాలు చెప్పేదాన్ని. పిండిపదార్థం ఇది, మాంసకృత్తులు ఇవి, నూనె ఇంత. వాళ్లు బుద్ధిగా తల ఊపేవాళ్లు. ఒకరోజు చిక్కడపల్లి నుంచి వచ్చిన ఒక టీచరమ్మ నా పాఠం అంతా విని, "మేడం, మీరు చెప్పినవన్ని నేను ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్త. మైసూర్ పాక్ తింటే లావైతనని నాకు తెల్వదా? తెల్సి ఎందుకు తింటున్ననో అది చెప్పండి" అన్నది.

ఆమెకు మళ్లీ అదే చార్టు ఇచ్చి పంపాను, ఆమె మళ్లీ రాలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలూ, మీ ముందు కూర్చున్న మనిషికి మిరపకాయ బజ్జీ మంచిది కాదని తెలుసు. ఆ సంగతి ఇంట్లో పదిమంది, వీధిలో పదిమంది చెప్పే ఉంటారు. పదకొండో మనిషిగా మీరు చెప్పడానికి ఇంత చదువు అక్కర్లేదు.

ఇంకో మాట కూడా కుండబద్దలు కొట్టి చెప్తాను. ఇలా తినడాన్ని చాలామంది తిండిపోతుతనం అంటారు. కాదు, అది జబ్బు. తిండిపోతుకు తిండి అంటే సంతోషం. ఈ జబ్బున్న మనిషికి తింటున్నంతసేపూ రుచి కూడా తెలియదు, తిన్న తర్వాత తన మీద తనకే అసహ్యం. ఈ తేడా పట్టుకోలేని డైటీషియన్ ఎన్ని డిగ్రీలు సంపాదించినా దండగ.

నా గదిలో భోజనం

క్లినిక్‌లో చేరాక నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరి సంగతి అయితే నాకు అంతు చిక్కడం లేదో, వాళ్లను మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో రమ్మనేదాన్ని. నా డబ్బా నేను విప్పేదాన్ని, వాళ్లది వాళ్లు విప్పేవాళ్లు. ఇద్దరం కలిసి తినేవాళ్లం. మా పెద్ద డాక్టర్ గారు, అంటే ఆ క్లినిక్ ఓనరు, ఒకసారి తలుపు తీసి చూసి, "ఇది క్లినిక్కా, మెస్సా?" అన్నారు. "కూర తీసుకోండి సార్" అన్నాను. తలుపు వేసుకుని వెళ్లిపోయారు. పచ్చిపులుసు వాసన ఆయన గదిదాకా వెళ్లిందని తర్వాత కాంపౌండరు చెప్పాడు.

మనిషి తినేటప్పుడు చూస్తే, చెప్పనివి చాలా తెలుస్తాయి. కొందరు డబ్బా విప్పకముందే సిగ్గుపడతారు. కొందరు ఫోను చూస్తూ తింటారు, డబ్బా ఖాళీ అయ్యాక ఉలిక్కిపడతారు. అశోక్ నగర్ హాస్టల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి అయితే నాలుగు మెతుకులు కెలికి మూత పెట్టేసింది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నది. పొద్దున స్టడీ హాలులో సీటు దొరకదని టిఫిన్ మానేస్తుంది, మధ్యాహ్నం నిద్ర వస్తుందని అన్నం మానేస్తుంది. సాయంత్రం అయ్యేసరికి బజ్జీలు, బిస్కెట్లు, చిప్స్, ఏది కనిపిస్తే అది. "నాకు కంట్రోల్ లేదు మేడం, నేను పరీక్ష ఏం పాసయిత?" అని ఏడ్చింది.

"నీకు లేనిది కంట్రోల్ కాదు బిడ్డా, అన్నం. పొద్దున కడుపు నిండ తిని పో, సాయంత్రం సంగతి అప్పుడు చూద్దాం" అన్నాను.

ఆ అమ్మాయి విషయం అంతటితోనే సర్దుకుంది. ఆపుకోలేక తినేవాళ్లలో చాలామంది అంతకుముందు పూట తినడం మానేసినవాళ్లే. ముందు అది చూడండి. కానీ అందరి కథా ఇంత సులువుగా తేలదు.

పెద్ద డాక్టర్ గారి నమ్మకం

మా పెద్ద డాక్టర్ గారు మంచి వైద్యుడు. చెయ్యి పట్టుకుంటే జబ్బు చెప్పేవారు, బీదవాళ్ల దగ్గర ఫీజు ముట్టేవారు కాదు. అయితే ఆయనకు ఒక పిచ్చి నమ్మకం ఉండేది. మందు కంటే మొక్కు బలమైనదని. సిగరెట్ మానలేని వాళ్లను మాల వేసుకోమనేవారు. తిండి ఆపుకోలేని వాళ్లను ఒక్కపొద్దులు ఉండమనేవారు. "లంఖణం పరమౌషధం అన్నరు పెద్దలు. డాక్టర్ మాట వినకపోతె దేవుని మాటన్న వింటరు" అనేవారు.

సిగరెట్ విషయంలో ఆయన మాట కొంతమందికి పనిచేసింది, అబద్ధం చెప్పను. మాల తీసేశాక కూడా సిగరెట్ ముట్టనివాళ్లు నాకు తెలుసు. కానీ సిగరెట్ లేకుండా మనిషి బతకగలడు. అన్నం అలా కాదు. పొద్దున వదిలేసినదాన్ని మళ్లీ సాయంత్రం పలకరించాల్సిందే. ఈ జబ్బు ఉన్న మనిషికి ఏదైనా ముట్టకూడదు అని చెప్పామా, వాళ్ల ధ్యాస మొత్తం దాని మీదే ఉంటుంది. ఒకనాడు ఒక ముక్క నోట్లో పడుతుంది. అప్పుడు "ఎట్లైనా తప్పింది గద, నిండా మునిగినోనికి చలేంది" అని డబ్బా మొత్తం అవుతుంది. మరునాడు దానికి ప్రాయశ్చిత్తంగా ఉపవాసం. ఉపవాసం వల్ల ఆకలి, ఆకలి వల్ల మళ్లీ డబ్బా. నేను ఈ మాట డాక్టర్ గారితో రెండుమూడు సార్లు అన్నాను. ఆయన నన్ను భక్తి లేని మనిషిగా లెక్కేశారు. నేను శనివారం గుడికి వెళ్తుంటే ఎదురుపడినా ఆయన అభిప్రాయం మారలేదు.

రాజేందర్‌ను కాశీలో తీపి వదిలేసి రమ్మన్నది ఆయనే.

రాజేందర్

రాజేందర్‌కు అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాల షాపు ఉండేది. తండ్రి పెట్టిన షాపు. తండ్రీ కొడుకులు ఇద్దరూ అందులోనే కూర్చునేవాళ్లు. తండ్రి పోయాక రాజేందర్ ఒంటరిగా నడుపుతున్నాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. కొన్నాళ్లలోనే బరువు బాగా పెరిగింది, షుగర్ వచ్చింది. సాయంత్రాలు స్వీట్లు ఆపుకోలేక తింటున్నానని మొదట్లోనే డాక్టర్ గారికి చెప్పుకున్నాడు. చెప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

అప్పటికి రాజేందర్, తల్లి శకుంతలమ్మ గారు, తండ్రికి పిండాలు పెట్టడానికి కాశీ ప్రయాణానికి సిద్ధమవుతున్నారు. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనది ఒకటి వదిలేసి రావడం మనలో ఆచారం. తెలివైనవాళ్లు కాకరకాయో, ఎప్పుడూ దొరకని పండో వదిలేసి వస్తారు. డాక్టర్ గారు మాత్రం, "మీ నాయిన పేరు మీద తీపి మొత్తం ఇడిసిపెట్టి రా. తిందామన్నప్పుడల్ల నాయిన యాదికి రావాలె" అన్నారు. శకుంతలమ్మ గారికి ఆ మాట నచ్చింది. రాజేందర్ గంగలో మునిగి తీపి వదిలేశాడు. వాళ్లు తిరిగి వచ్చాక చుట్టాలు, వాడకట్టు, షాపు చుట్టుపక్కల వాళ్లు అందరికీ ఆ సంగతి తెలిసింది. "కొడుకంటే గట్ల ఉండాలె" అన్నారు.

ఆరునెలలు గడిచినా షుగర్ తగ్గలేదు. పెరిగింది. డాక్టర్ గారు మాత్రల మోతాదు పెంచారు. తీపి ముట్టని మనిషికి ఇంత షుగర్ ఉందంటే జబ్బు ముదిరిందనే అనుకున్నారు. అప్పుడు నేను రాజేందర్‌ను డబ్బాతో రమ్మన్నాను.

వచ్చాడు. రెండు పుల్కాలు, సొరకాయ కూర, ఇంత పెరుగు. చాలా పద్ధతిగా తిన్నాడు. తునక తునకా తుంచి, నమిలి, మధ్యలో నీళ్లు తాగి. ఆకలితో ఉన్న మనిషి అలా తినడు, ఆకలి లేని మనిషీ అలా తినడు. పెళ్లిచూపుల్లో పిల్లాడు తిన్నట్టు తిన్నాడు.

"రాజేందర్ గారూ, మధ్యాహ్నం షాపుల ఏం తింటరు?" అని అడిగాను.

"షాపుల తిన మేడం. డబ్బా తీసుకపోను."

"ముందునుంచి గట్లనేనా?"

ఖాళీ డబ్బాకు మూత పెట్టాడు. "ముందు నాయిన ఉండె. ఇద్దరికి ఒక్కటే డబ్బా వచ్చేది. రెండు గొట్టంగ గిరాకీ ఉండది గద, షట్టర్ సగం దించుకొని తినేటోళ్లం. ఇప్పుడు ఒక్కన్నే డబ్బా ఇప్పబుద్ధి గాదు" అన్నాడు.

ఆ మాట విన్నాక అతని మీద నాకు ఎంత జాలి కలిగిందో చెప్పలేను. అడిగితే ఇంకా చెప్పేవాడేమో. కానీ "తీపి సంగతేంది?" అనగానే ముఖం మూసుకుపోయింది. "కాశీల ఇడిసిపెట్టిన గద మేడం" అన్నాడు. అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికి తెలుసు. ఇలాంటప్పుడు లాయర్‌లాగా నిలదీయకండి. తలుపు తెరిచి ఉంచితే చాలు. "ఎప్పుడైన చెప్పాలనిపిస్తె చెప్పండి. నేను తిట్టను, ఎవ్వరికి చెప్పను" అన్నాను.

తర్వాత తనే చెప్పిన విషయం ఇక్కడే రాస్తాను, లేకపోతే మీకు అర్థం కాదు. సాయంత్రం షాపు నుంచి బయల్దేరి ఒకరోజు నారాయణగూడలో, ఒకరోజు కాచిగూడలో, ఒకరోజు కవాడిగూడలో స్వీట్లు కొనేవాడు. రోజూ ఒకే దుకాణానికి వెళ్తే గుర్తుపడతారని. "ఇంటికి చుట్టాలొచ్చిండ్రు, మంచిగ ప్యాక్ చెయ్" అనేవాడు. స్కూటర్ సందులో ఆపుకుని, అటు గోడవైపు తిరిగి కోవా, బాదుషా, జిలేబీ మొత్తం తినేవాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు అని మనం నవ్వుతాం. ఆ పిల్లికి ఎంత భయంగా ఉంటుందో అతను చెప్తుంటే తెలిసింది. తిన్న ప్రతిసారీ తండ్రికి పెట్టిన పిండం తనే తిన్నట్టు అనిపించేదట. ఆ పాపానికి ఆ రాత్రి అన్నం మానేసేవాడు. మాత్ర మాత్రం మానేవాడు కాదు, అది డాక్టర్ గారి మాట కదా.

షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేస్తే ఏమవుతుందో ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పక్కర్లేదు. అసలే మోతాదు పెంచారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మూసుకున్న నోరు

ఒకరోజు పొద్దున రక్తపరీక్షకు పరగడుపున రమ్మన్నారు. రాజేందర్ తల్లితో కలిసి వచ్చాడు. ముందురోజు సాయంత్రం సందులో తిని, రాత్రి భోజనం మానేశాడు. పొద్దున పరీక్షకు ముందు మాత్ర వేసుకోవద్దని చెప్పినా, అలవాటుగా వేసుకున్నాడు. పరీక్ష దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. ఆలస్యమైంది.

నేను అప్పుడే వచ్చి బ్యాగు పెడుతున్నాను. శకుంతలమ్మ గారు కొడుకు భుజం పట్టుకుని నా గదిలోకి తెచ్చారు. "డాక్టరమ్మా, జర చూడు, చెమటలు పడుతున్నయ్" అన్నారు. చొక్కా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. పేరు అడిగితే ఏదో చెప్పాడు గాని మాట తడబడింది. వేలు గుచ్చి మిషన్‌లో చూశాను. షుగర్ బాగా పడిపోయింది. కాంపౌండర్‌ను డాక్టర్ గారి కోసం పరుగెత్తించి, గ్లాసు నీళ్లలో పంచదార కలిపి నోటి దగ్గర పెట్టాను.

రాజేందర్ పెదవులు గట్టిగా బిగించుకున్నాడు.

"తాగండి, ఏం కాదు, తాగండి" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. కళ్లు మాత్రం తల్లిమీదే ఉన్నాయి. మతి సగం పోయిన ఆ స్థితిలో కూడా ఆ ఒక్కటి మరిచిపోలేదు. తల్లి ముందు, కాశీలో వదిలేసిన తీపి తాగకూడదు. నా ఉద్యోగంలో అంత భయం అంతకుముందు లేదు. ఇంకాసేపైతే స్పృహ తప్పుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సందుల్లో డబ్బాల కొద్దీ తీపి తిన్న మనిషి, ప్రాణం నిలబెట్టే నాలుగు చెంచాల పంచదార దగ్గర నోరు మూసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, మీరు చెప్పండి. మీరు చెప్తేనే తాగుతడు" అని అరిచాను.

శకుంతలమ్మ గారు నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. కొడుకు గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకున్నారు.

"నాకు తెల్సు గని, తాగు" అన్నారు.

రాజేందర్ నోరు తెరిచాడు. గ్లాసంతా తాగాడు. డాక్టర్ గారు వచ్చేసరికి వణుకు తగ్గడం మొదలైంది. కాసేపయ్యాక నా డబ్బాలోని ఉప్మా పెట్టాం, అదీ తిన్నాడు. అప్పుడు ఏడ్చాడు. "అమ్మా, నేను కాశీల ఒట్టు ఎప్పుడో తప్పిన" అన్నాడు.

"నాకు తెల్వదా? నీ ప్యాంటు జేబులకు రోజు చీమలు పడుతయ్. బట్టలు ఉతికేది ఎవరనుకున్నవ్?" అన్నారు ఆమె.

నేను ఉండబట్టలేక అడిగాను. "తెల్సి ఎందుకు అడగలేదమ్మా?"

"అడిగితె ఆడు ఇంక దూరం పోయి తింటడు. తండ్రి పేరు మీద ఇడిసిపెట్టింది, నలుగురి నోట్ల పడితె ఆని ఇజ్జత్ ఏం గావాలె? అందుకని ఆని పాపం నేను మోస్త అనుకున్న. సోమారం, గురువారం, శనివారం ఒక్కపొద్దులుంటున్న."

రాజేందర్ ఆమె వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. డెబ్బై ఏళ్ల తల్లి తను తిన్న దానికి పస్తులుంటున్నదని అతనికి తెలియదు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒక మొక్కు కోసం ఒళ్లు పాడుచేసుకుంటున్నారు. నాకు ఆ కాశీ మొక్కు మీద, దాన్ని మందుచీటీలాగా ఇచ్చిన మా డాక్టర్ గారి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. అన్నీ విన్నారు. "మాత్ర తగ్గిద్దాం" అని మాత్రం అని వెళ్లిపోయారు. తన పొరపాటు ఆయన నోటితో ఒప్పుకోలేదు. కానీ ఆ తర్వాత ఏ పేషెంటుకూ మొక్కు మొక్కమని చెప్పగా నేను వినలేదు. పెద్ద డాక్టర్ల విషయంలో అంతకంటే ఎక్కువ ఆశించకండి.

ఏం చేశామంటే

పెద్దగా ఏమీ చేయలేదు. అందుకే ఇది నేర్పడం కష్టం.

మొదటి పని, తల్లీ కొడుకులు ఇద్దరికీ ఉపవాసాలు బంద్. శకుంతలమ్మ గారు ఒప్పుకోలేదు. ఇంట్లో పూజలు చేయించే అయ్యగారిని అడిగి వస్తానన్నారు. ఆయన బుద్ధిమంతుడు, "మందు లెక్క తీసుకుంటె దోషం లేదమ్మా, పాణం పోతుంటె ఏ మొక్కూ అడ్డం రాదు" అన్నాడట. ఆ మాటతో నా పని సగం అయిపోయింది. మీరు కూడా ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లను వెతికి పట్టుకోండి. అక్కడ సైన్సు పుస్తకం తెరిస్తే లాభం లేదు.

రెండోది, మధ్యాహ్నం డబ్బా. "రెండు గొట్టంగ మీ కొడుకు ఒక్కడే కూసుంటడు. మీరు పోతరా?" అని శకుంతలమ్మ గారిని అడిగాను. మరునాటి నుంచి ఆమె డబ్బా పట్టుకుని ఆటోలో అశోక్ నగర్ వెళ్లడం మొదలుపెట్టారు. షట్టర్ సగం దించుకుని ఇద్దరూ తినేవాళ్లు. మధ్యాహ్నం కడుపు నిండేసరికి సాయంత్రం సందుల్లో తిరగాలన్న తహతహ చాలావరకు తగ్గింది. చాలావరకే, పూర్తిగా కాదు. మిగిలినదాని కోసం హిమాయత్‌నగర్‌లో మానసిక వైద్యుడి దగ్గరకు పంపాను. "నేనేమన్న పిచ్చోన్నా మేడం?" అన్నాడు. "పన్ను నొస్తె పంటి డాక్టర్ దగ్గరికి పోతరు. నాయిన పోయిన బాధకు ఎవరి దగ్గరికి పోతరు? నా దగ్గర ఉన్నది కూరగాయల చదువే" అన్నాను. వెళ్లాడు. వెళ్లడం చాలా మంచిదయింది. మన చేతిలో లేనిదాన్ని మన చేతిలో ఉన్నట్టు పట్టుకు వేలాడకండి.

మూడోది, తీపి నిషేధం ఎత్తేశాను. పిల్లలూ, ఇక్కడ మీకు భయం వేస్తుంది. షుగర్ పేషెంటుకు తీపి తినమనడమేమిటని. తినమనలేదు. తినాలనిపిస్తే ఇంట్లో, కూర్చుని, కంచంలో పెట్టుకుని, అన్నంతోపాటు, ఇంటివాళ్ల ముందు ఇంత తినమన్నాను. ఆ తీపికి తగ్గట్టు అన్నం తగ్గించడం, మాత్రలు చూసుకోవడం నేనూ డాక్టర్ గారూ కలిసి చేశాం. డాక్టర్‌ను అడక్కుండా ఈ పని ఎవరూ చేయకండి.

జారిపడలేదా అంటే, పడ్డాడు. దీపావళి మరునాడు పొద్దున్నే వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే, "మేడం, నిన్న సందులకు పోయిన. డబ్బా మొత్తం తిన్న" అన్నాడు.

"మంచిది, చెప్పిండ్రు. పొద్దున టిఫిన్ తిన్నరా?"

"తినలే. ఏ ముఖం పెట్టుకొని తినాలె?"

"ఉన్న ముఖంతోనే తినండి. కింద హోటల్ల ఇడ్లీ తిని రండి, అప్పుడు మాట్లాడుకుందాం."

ఇడ్లీ తిని వచ్చాడు. మేం మాట్లాడుకున్నాం. ఆ రోజు ఉపవాసం ఉండి ఉంటే మళ్లీ వారంరోజులు అదే చక్రంలో తిరిగేవాడు. ఆపుకోలేక తిన్న తర్వాత వచ్చే పూట అన్నం పెట్టడమే ఈ జబ్బుకు అసలు మందు. ఇది నా మొత్తం ఉద్యోగంలో నేర్చుకున్న ముఖ్యమైన సంగతి. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

క్రమంగా షుగర్ దిగింది, మాత్రలు తగ్గాయి. బరువు కొంచెమే తగ్గింది. బరువు గురించి అందరికంటే ఎక్కువ ఆరాటపడింది మా డాక్టర్ గారే. రాజేందర్ పట్టించుకోలేదు.

పెత్రామాస నాడు

నేను రిటైరైన సంవత్సరం, పెత్రామాసకు శకుంతలమ్మ గారు నన్ను భోజనానికి పిలిచారు. ఆ అమావాస్య నాడు పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి, వాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టుకుంటారు. చిక్కడపల్లి రోడ్డంతా బతుకమ్మ కోసం తంగేడు పూలు, గునుగు పూలు అమ్ముతున్నారు. ఇంటినిండా చుట్టాలు. రాజేందర్ వాళ్ల నాయినకు భక్ష్యాలంటే, అదే బొబ్బట్లంటే, ప్రాణమట. వంటింట్లోంచి బెల్లం, నెయ్యి వాసన వస్తున్నది.

మగవాళ్లకు, నాలాంటి అతిథులకు ముందు విస్తర్లు వేశారు. రాజేందర్ నాకు ఎదురుగా కూర్చున్నాడు. శకుంతలమ్మ గారు వడ్డిస్తూ వచ్చి, కొడుకు విస్తట్లో ఒక భక్ష్యం పెట్టి, దానిమీద నెయ్యి వేశారు.

పక్క గదిలోంచి రాజేందర్ మేనత్త, అంటే ఆ పోయినాయన అక్క, గట్టిగా అన్నది. "ఏంది శకుంతలా! ఆడు నా తమ్ముని పేరు మీద కాశీల తీపి ఇడిసిపెట్టిండు గద? ఇయ్యాల్టి దినం ఆని ఇస్తట్ల ఏస్తవేంది?"

రాజేందర్ చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది. ఇన్నాళ్ల కష్టం ఈ ఒక్క మాటతో పోతుందనుకున్నాను. ఆడబిడ్డ ముందు, ఇంతమంది చుట్టాల ముందు శకుంతలమ్మ గారు ఏం చెప్తారు? మరిచిపోయానని చెప్పి తీసేస్తారేమో అనుకున్నాను.

శకుంతలమ్మ గారు నెయ్యి గిన్నె కింద పెట్టారు.

"తీపి ఇడిసిపెట్టలేకపోయిండు వదినె. దాసుకొని తినుడు ఇడిసిపెట్టిండు. నాకు గదే చాలు, వాళ్ల నాయినకు గుడ గదే చాలు" అన్నారు.

మేనత్త ఏదో గొణుక్కుంది. రాజేందర్ తల దించుకుని భక్ష్యం తుంచి తిన్నాడు. నిదానంగా, రుచి తెలుస్తున్న మనిషి తిన్నట్టు తిన్నాడు. తల్లి రెండోది వేయబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, నువ్వు తిను" అన్నాడు.

ఆడవాళ్ల పంక్తి ఇంకా మొదలుకాలేదు. అయినా శకుంతలమ్మ గారు కొడుకు పక్కన కూర్చుని, ఒక విస్తరాకు ముందుకు లాక్కుని, ఆ భక్ష్యం అందులో వేసుకున్నారు.